మల్లి ఎవరి కుక్క

పశువైద్యంలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను ఎక్కువగా దొడ్డరోగం, అంటే పశువుల ప్లేగు గురించే అడుగుతుంటారు. ఊళ్లకు ఊళ్లే ఎద్దులు లేకుండా చేసిన రోగం కాబట్టి అడగవలసిందే. సూదులు ఎలా వేసేవాళ్లం, సంతలు ఎలా మూయించేవాళ్లం, చచ్చిన పశువును తోలు ఒలవకుండా పాతిపెట్టమంటే జనం మాతో ఎంత గొడవపడేవాళ్లు, ఇవన్నీ చెబుతాను. కానీ వాటిని మీకు చదువులోనే నేర్పుతారు. నేర్పనిది ఒకటుంది. పశువు కోసం ఒక ఇంట్లో అడుగుపెడితే, ఆ ఇంటి మనుషుల మధ్య నలుగుతున్నదంతా మీ కంటపడుతుంది. చూడనట్టు ఉంటే వైద్యం కుదరదు. చూసి తలదూర్చినా ఒక్కోసారి కుదరదు.

ఇది నాకు తెలిసివచ్చింది ఎద్దుల దగ్గర కాదు, ఒడిలో పట్టేంత తెల్లకుక్క దగ్గర. మహారాజుల కాలంలో తుమకూరు జిల్లా పావగడ తాలూకాకు నన్ను పశువుల డాక్టరుగా వేసినప్పటి సంగతి.

మండీలో మేకపిల్ల

పావగడ మైసూరు సీమదే అయినా చుట్టూ మద్రాసు సర్కారు నేల. కచేరీ కాగితాలు కన్నడంలో నడిచేవి, బజారు తెలుగులో నడిచేది. నిడుగల్లు కొండ కింద గొర్రెల మందల నుంచి రాయచెర్లు ఎద్దుల దాకా సైకిలు మీద నేనే తిరగాలి. నా భార్య కమల మైసూరులో పుట్టింట్లో ఉండేది. ఇక్కడి ఎండ తనకు పడదని మొదటి వేసవిలో వెళ్లింది, చలికాలం వచ్చినా తిరిగి రాలేదు. నేను హోటల్లో తిని ఆసుపత్రి వెనక గదిలో పడుకునేవాణ్ణి. ఈ మాట ఎందుకు చెబుతున్నానో తర్వాత మీకే తెలుస్తుంది.

బజారులో గోవిందశెట్టికి చెనక్కాయలు, అంటే వేరుశనగలు టోకున కొని అమ్మే మండీ ఉండేది. ముందు మండీ, వెనక ఇల్లు. నలభై దాటిన మనిషి, తక్కువ మాట్లాడతాడు. ఆయన మొదటి భార్య నాగరత్నమ్మ జ్వరంతో పోయింది. పిల్లలు లేరు. ఆమె తమ్ముడు బెంగళూరు కంటోన్మెంటులో ఒక దొర ఇంట్లో పనిచేసేవాడు. దొరసాని ఇంగ్లండుకు వెళ్లిపోతూ ఇచ్చిన కుక్కపిల్లను అతను అక్కకు తెచ్చి ఇచ్చాడు. ఆమె దానికి మల్లి అని పేరు పెట్టింది. అది మాల్టీస్ జాతిది. పట్టులాంటి తెల్లటి బొచ్చు నేలదాకా వేలాడేది. ముక్కు, కళ్లు మాత్రం నల్లగా మెరిసేవి. మండీకి వచ్చే రైతులు దాన్ని చూసి, శెట్టి మేకపిల్లను ఒళ్లో పెట్టుకుని లెక్క చూస్తాడని నవ్వేవాళ్లు.

నాగరత్నమ్మ పోయిన ఏడాదికి బంధువులు పట్టుబట్టి శెట్టికి మళ్లీ పెళ్లి చేశారు. పార్వతమ్మ నిడుగల్లులో చిన్న అంగడి నడిపే వాళ్ల కూతురు. ఇరవై నిండీ నిండని వయసు, చురుకైన మనిషి. ఆమె కాపురానికి వచ్చిన కొద్ది నెలలకే నాకు ఆ ఇంటినుంచి పిలుపు వచ్చింది. ఆవు పొదుగు వాచిందని చెప్పి పంపారు.

ఆవు మీద పెట్టి అడిగిన మాట

ఆవు పొదుగు బాగానే ఉంది. నేను దొడ్లో చేతులు కడుక్కుంటుంటే పార్వతమ్మ చెంబుతో నీళ్లు పోస్తూ, మండీ వైపు ఒకసారి చూసి, మెల్లగా అడిగింది.

"డాక్టరన్నా, ఆ కుక్కకు నొప్పి తెలీకుండా పొయ్యేటట్ల ఏమన్నా మందుండాదా?"

ఏమైందని అడిగాను. ఆమె చెప్పినదంతా ఇక్కడ రాయను. పెళ్లిలో పెట్టిన పట్టుచీర అంచు మల్లి కొరికి చింపిందట. ఆమె పరుపునే రోజూ తడిపేదట. భర్త పక్కన కూర్చుంటే ఇద్దరి మధ్యకు దూరి, ఆమె వైపు తిరిగి పళ్లు చూపేదట. శెట్టి దాన్ని ఒక్కనాడూ గదమాయించలేదు. పైగా భార్యతో రోజంతా పది మాటలు మాట్లాడని మనిషి దానితో గంటల తరబడి ముచ్చటలాడేవాడు.

బతకాల్సిన ప్రాణానికి నేను అలాంటి మందు ఇవ్వనని చెప్పాను. ఆమెకు కోపం రాలేదు. చెంబు కింద పెట్టి, "ఈ ఇంట్లో నేను మూడోదాన్నన్నా," అంది. "పొయ్యినామె ముందర, ఈ కుక్క ఆయమ్మ ఎనకాల. ఇంక నాకు చోటు యాడుండాది?"

ఆ కుక్కకూ మీకూ ఉన్నది ఒకటే రోగమని అన్నాను. ఆమె నా వైపు అదోలా చూసి లోపలికి వెళ్లిపోయింది.

ఆ జాతి ఎలాంటిది

ఇక్కడ కథ ఆపి ఆ జాతి గురించి నాలుగు మాటలు చెప్పాలి. పట్నాల్లో పనిచేయబోయే వాళ్లకు ఇలాంటి కుక్కలు తగులుతూనే ఉంటాయి.

వాటిని బొమ్మలనుకోవద్దు. ఒళ్లు చిన్నదే గాని, తాను చిన్నదాన్నని ఆ కుక్కకు తెలియదు. మల్లి మండీ ముందు ఆగిన బండెద్దుల మూతుల కిందకు వెళ్లి మొరిగేది. తెలివి ఎక్కువ. మనిషి గొంతులో తేడా వస్తే మాట అర్థం కాకపోయినా ఎవరు ఎవరి మీద అలిగారో పసిగడుతుంది. ఇంటిని కాపలా కాయడానికి పుట్టింది కాదది, ఒక మనిషిని అంటిపెట్టుకోవడానికి పుట్టింది. ఆ మనిషి గడప దాటితే తిండి మానేస్తుంది. ఆ మనిషి చెయ్యి ఇంకొకరి మీద పడితే ఆ చేతి కిందకే తల దూరుస్తుంది. కొందరు దీన్ని ప్రేమ అని మురిసిపోతారు. నేను అసూయ అంటాను. పశువుకు అసూయ ఉండదని రాసినవాళ్లు మాల్టీసుతో ఒక పూట గడిపి ఉండరు.

ఒంటి విషయానికొస్తే, ఎండకు త్వరగా సొమ్మసిల్లుతాయి. కళ్ల కింద నీరు కారి బొచ్చు ఎర్రబడుతుంది, రోజూ గోరువెచ్చటి నీళ్ల గుడ్డతో తుడవాలి. దువ్వకపోతే బొచ్చు ముద్దలు కట్టి, కింద చర్మం పుండవుతుంది. పళ్లు తొందరగా పాడవుతాయి. కాబట్టి ఎవరో ఒకరి చెయ్యి దాని మీద రోజూ పడి తీరాలి. ఈ ఒక్క సంగతే తర్వాత నాకు పనికొచ్చింది.

పెద్దాఫీసరు చెప్పిన చికిత్స

ఆ రోజుల్లోనే జిల్లా నుంచి మా పెద్దాఫీసరు దొడ్డరోగం సూదుల పని తనిఖీకి వచ్చారు. మంచి గుర్రాల డాక్టరు, ఆయన హస్తవాసి నేను కళ్లారా చూశాను. కానీ కుక్కలంటే చులకన. శెట్టి ఊళ్లో పెద్దవాడు కాబట్టి ఆయనకు మండీలో కాఫీ ఏర్పాటు చేశాడు. మల్లి శెట్టి ఒళ్లోంచి ఆయన మీదకు గుర్రుమంది. మల్లి చింపిన పార్వతమ్మ చీర సంగతి ఎవరో నవ్వుతూ చెప్పారు. ఆఫీసరు తీర్పు చెప్పినట్టుగా, ఇల్లాలి కంటే ఎక్కువ చనువు కుక్కకు ఇవ్వకూడదని, దొడ్లో ఎద్దుల పక్కన కట్టేస్తే దానంతటదే దారికొస్తుందని అన్నారు. అందరి ఎదుట అంత పెద్దమనిషి అన్నాక శెట్టి కాదనలేకపోయాడు.

నేను కూడా కాదనలేదు. ఆ జాతికి అది సరిపడదని తెలుసు, కానీ పై అధికారి మాటకు అడ్డం చెప్పే ధైర్యం ఆ వయసులో నాకు లేదు. మీలో ఎవరికైనా ఉంటే సంతోషం.

దొడ్లో కట్టేసిన మల్లి గంటల తరబడి మొరిగి, ఆనక మొరగడం కూడా మానేసింది. తిండి ముట్టలేదు. ముందరి కాలు నాకి నాకి పుండు చేసుకుంది. పార్వతమ్మకు దక్కింది కూడా ఏమీ లేదు. పొద్దుగూకాక శెట్టి మండీ మూసి ఇంట్లోకి రావడం మానేసి, నేరుగా దొడ్లోకి పోయి ఎద్దుల పక్కన బండ మీద కూర్చునేవాడు. అప్పటిదాకా భర్త కనీసం ఇంట్లోనైనా ఉండేవాడు. ఇప్పుడు ఆమె ఒక్కతే వంటింటి గడపలో కూర్చుని దొడ్డి వైపు చూసేది.

కాలి పుండు కోసం నన్ను పిలిచినప్పుడు కుక్క చిక్కి సగమైంది. శెట్టి నా చెయ్యి పట్టుకుని, ఎట్లాగైనా బతికించమన్నాడు. అప్పుడు నేను అడిగిందేమిటంటే, నేను చెప్పినదానికి భార్యాభర్తలిద్దరూ ఒప్పుకోవాలి, మధ్యలో మానకూడదు.

చేతి ముద్ద

నా చికిత్స మందుల్లో లేదు. మల్లిని ఇంట్లోకి తేవాలి. తిండి, దువ్వడం, కళ్లు తుడవడం, బయటికి తిప్పడం, అన్నీ పార్వతమ్మే చేయాలి. శెట్టి దాన్ని ముట్టకూడదు, పిలవకూడదు, అది వచ్చి కాళ్లకు చుట్టుకున్నా చూడకూడదు.

శెట్టి తలవంచుకుని సరేనన్నాడు. పార్వతమ్మకు మాత్రం ఒళ్లు మండింది. తన చీర చింపినదానికి తన చేత్తో ముద్దలు కలిపి పెట్టాలా అంది. పెట్టకపోతే అది చచ్చిపోతుంది, చచ్చిపోతే మీ ఆయనకు అది ఎప్పటికీ గుర్తుంటుంది, అన్నాను. కటువుగానే అన్నాను. ఆమె ఆలోచించి ఒప్పుకుంది.

మొదట్లో ముద్ద పెడితే మల్లి ముఖం తిప్పేసుకునేది. ఆమె విసుక్కుని గిన్నె అక్కడే పడేసి వచ్చేది. ఒకనాడు ఆమెకూ ఆకలేసి, దానికి వీపు పెట్టి తన పెరుగన్నం తాను తింటూ కూర్చుందట. మోచేతికి ఏదో తడిగా తగిలిందట. చూస్తే మల్లి ముక్కు. వేళ్లకు అంటిన మెతుకులు నాకింది. ఆనాటి నుంచి ఆమె అలాగే, దాని వైపు చూడకుండా తింటూ, చెయ్యి కిందకు దించేది.

కట్టు మార్చడానికి నేను వెళ్లినప్పుడల్లా మార్పు కనిపించేది. బొచ్చులో చిక్కులు పోయాయి, కళ్ల కింద మరకలు పోయాయి. ఒక సాయంత్రం పార్వతమ్మ తనంతట తానే ఒక సంగతి చెప్పింది. దీపాలు పెట్టే వేళకు మల్లి రోజూ కొట్టుగది గడప ముందు కూర్చుని పైకి చూస్తుందట. ఎందుకో తెలియక, ఆమె ఒకరోజు తలుపు తీసి అది చూసే వైపు చెయ్యి పెట్టి వెతికితే అటక మీద బొరుగుల డబ్బా, అంటే మరమరాల డబ్బా దొరికింది. ఖాళీదే. ఆమె అందులో కొత్త బొరుగులు పోసి రెండు తీసి పెడితే మల్లి నమిలి, తోకాడించి, వెళ్లి పడుకుందట. ఈ పని ముందు ఎవరు చేసేవాళ్లో ఆమె అనలేదు, నేనూ అనలేదు.

రాయచెర్లు రైతు ఒకడు, ఎద్దులు పడిపోతుంటే డాక్టరు శెట్టింటి కుక్కకు దువ్వెన పడుతున్నాడని నా ముఖం మీదే అన్నాడు. అతని మాటలో న్యాయం ఉంది. నేను వాళ్ల ఊరికి పోవడం ఏనాడూ తప్పలేదు, అయినా ఆ ఇంటికి వెళ్లే దారిలో సైకిలు తేలిగ్గా నడిచేదన్నది నిజం.

శెట్టి అలక

చికిత్స పనిచేసిందని మనం సంతోషపడే సమయానికి దాని ఫలితం ఇంకొకరి మీద పడి ఉంటుంది. ఇది నేను ఊహించలేదు.

ఒక ఉదయం గోవిందశెట్టి ఆసుపత్రికి వచ్చాడు. ఎప్పుడూ రాని మనిషి. బల్ల మీద కూర్చుని, "మీ వైద్యం బాగా పనిచేసినాది సామీ," అన్నాడు. "రాత్రి మంచం కాడికి పోతే నన్ను చూసి గుర్రుమనింది. నన్ను."

మల్లి ఇప్పుడు పార్వతమ్మ కొంగు వదిలేది కాదు. ఆమె పడక దగ్గరకు భర్తను కూడా రానిచ్చేది కాదు. అతను జేబులో బెల్లం ముక్క దాచి తెచ్చి పిలిస్తే, బెల్లం తిని వెంటనే ఆమె దగ్గరకే పరుగెత్తేది. ఇక చూడలేనని, బెంగళూరులో బావమరిదికి పంపేస్తానని శెట్టి అన్నాడు. సాయంత్రం సరుకు లారీ పోతుంది, కుక్కను దాని మీద ఎలా పంపాలో మీరే వచ్చి చూసి చెప్పండి అన్నాడు. ఆ వేడిలో లారీ ప్రయాణం దానికి ప్రాణం మీదకు వస్తుందని చెప్పాను. వినలేదు. ఏమైనా కానీ అన్నట్టు లేచి వెళ్లాడు. నేను వెనకే వెళ్లాను.

మండీలో అప్పుడు పనివాళ్లు లేరు. శెట్టి లోపలికి కేకేసి కుక్కను తెమ్మన్నాడు. పార్వతమ్మ మల్లిని చంకన పెట్టుకుని నడిమింటి గడపలో నిలబడింది. ఇవ్వనంది. ఇది పోతే తానూ నిడుగల్లుకు పోతానంది.

"అది నీది కాదు," అన్నాడు శెట్టి. "అది నాగరత్నది. ఆమె పొయ్యినాక నాకు మిగిలింది అదొక్కటే. దాన్ని గూడా తీసుకున్నావు."

పార్వతమ్మ మల్లిని ఇంకాస్త దగ్గరకు పొదువుకుంది. ఆమె ముఖంలో కోపం పోయి వేరే ఏదో వచ్చింది.

"ఆయమ్మ పేరు నా ముందర అనడం ఈపొద్దే మొదలు," అంది. "నేను వచ్చినప్పటి నుంచి ఒక్కసారన్నా చెప్పినారా, ఆయమ్మ ఎట్లాంటిదో? అడిగితే లేచిపోతారు. నాకు తెలిసిందంతా ఈ మూగజీవి చెప్పిందే. పొద్దుగూకితే బొరుగులు పెట్టేదని ఇదే చెప్పింది. మధ్యాన్నం దొడ్డివాకిలి కాడ చల్లగా ఉండాది, ఆయమ్మ ఆడ కూర్చునేదని ఇదే చెప్పింది. దీన్ని దువ్వేటప్పుడు ఎడమ చెవి కాడ మెల్లగా దువ్వల్లని, ఆడ నొప్పని, ఇదే చెప్పింది. మీరు మాత్రం ఏమీ చెప్పల్యా."

శెట్టి చెనక్కాయల మూటల మీద కూలబడ్డాడు. ఆ ఎడమ చెవి మాట అతన్ని తాకిందనుకుంటాను. మల్లి చిన్నదిగా ఉన్నప్పుడు వాకిట్లో బండి తగిలి ఆ చెవి తెగితే, నాగరత్నమ్మే పసుపు పెట్టి మాన్పిందట. అది అతను మాతో కాదు, నేల వైపు చూస్తూ చెప్పాడు. తర్వాత మాటలు ఆగలేదు. ఆమె నవ్వు ఎలా ఉండేదో, ఉప్పు ఎప్పుడూ ఎందుకు తక్కువ వేసేదో, జ్వరంలో చివరికి ఏం అడిగిందో, అన్నీ చెప్పాడు. పార్వతమ్మ గడప దిగి వచ్చి, కొంచెం ఎడంగా, మరో మూట మీద కూర్చుంది. మల్లి ఆమె చంకలోంచి జారి ఇద్దరి మధ్యకు వెళ్లి పడుకుంది. ఎవరి మీదా గుర్రుమనలేదు.

ఇక అక్కడ డాక్టరుతో పని లేదు. నేను చెప్పకుండానే వచ్చేశాను. గదికి వచ్చాక ఏ పనీ చేయబుద్ధి కాలేదు. వాళ్లిద్దరి మీద నాకు పుట్టిన అసూయ అంతా ఇంతా కాదు. ఒక చచ్చిపోయిన మనిషి కోసం ఒకరు, బతికున్న మనిషి కోసం ఒకరు, మధ్యలో వాళ్లిద్దరి కోసం ఒక కుక్క, అంతగా కొట్టుకుంటున్నారు. నేను పావగడలో ఉన్నా లేకపోయినా మైసూరులో ఎవరికీ తేడా లేదు. ఆ వారమే సెలవు పెట్టి కమల దగ్గరకు వెళ్లాను. ఏం జరిగిందో చెప్పను. ఆ తర్వాతి వేసవి ఆమె పావగడలోనే గడిపిందని మాత్రం చెబుతాను.

తర్వాత

శెట్టి ఇంట్లో అసూయ పూర్తిగా పోయిందని నేననను. నా సలహా మీద పొద్దున తిండి ఆయన, సాయంత్రం బొరుగులు ఆమె, పెట్టడం మొదలుపెట్టారు. ఒకరు పెట్టేటప్పుడు ఇంకొకరు తలుపు చాటునుంచి చూసేవాళ్లు. మల్లి ఆ ఇద్దరినీ బాగా ఆడించింది. ఒకరోజు ఒకరి ఒళ్లో, మర్నాడు ఇంకొకరి ఒళ్లో కూర్చుని, రెండో మనిషి ముఖం ఎలా ఉందో తిరిగి చూసేది. పార్వతమ్మకు కొడుకు పుట్టినప్పుడు మళ్లీ గొడవ అవుతుందని భయపడ్డాను. కానీ మల్లి ఉయ్యాల కింద పడుకుని, నన్ను కూడా దగ్గరకు రానివ్వలేదు.

నన్ను శిరా తాలూకాకు మార్చిన చాలాకాలానికి, దొడ్డరోగం మళ్లీ తలెత్తితే పావగడకు పంపారు. పని ముగించుకుని మండీకి వెళ్లాను. మల్లి అంతకుముందు నెలలోనే పోయిందని తెలిసింది. పళ్లన్నీ ఊడిపోయి, గుండె బలహీనపడి, నిద్రలోనే పోయిందట. దొడ్లో పాతిపెట్టారు.

పార్వతమ్మ కాఫీ తెచ్చి ఇచ్చి, శెట్టి బయట రైతుతో మాట్లాడుతుండగా, గొంతు తగ్గించి చెప్పింది. "ఆయనకు చెప్పొద్దన్నా, బాధపడతాడు. కడాకు దానికి నా మీదనే ప్రేమ ఎక్కువుండె." అవునమ్మా, నేనూ చూశానుగా, అన్నాను.

శెట్టి నన్ను బస్సు దాకా సాగనంపడానికి వచ్చాడు. దారంతా ధరల గురించీ వాన గురించీ మాట్లాడాడు. బస్సు కదలబోతుంటే కిటికీ దగ్గరకు వచ్చి, చుట్టూ చూసి, "పార్వతి కాడ అనొద్దు సామీ," అన్నాడు. "పొయ్యే ముందు రాత్రి అది నా వైపే చూసింది. దానికి నేనంటేనే ప్రాణం."

నేను ఆయనకూ అదే జవాబు చెప్పాను.